అంచున ఎర్ర మూత

పెల్ ఫెర్రీ, అలబామా
సెప్టెంబరు 12, 1976

ప్రియమైన రాయిస్‌కి,

అలాస్కాలో అప్పుడే మంచు పడుతోందని రాశావు. ఇక్కడ ఇంకా చెమటలు కారుతున్నాయి. నీకు ఊలు సాక్సులు అల్లుతున్నాను. ఒకదాని మడమ కాస్త వంకరగా వచ్చింది. బూటులో కనపడదులే.

మామయ్య సోమవారం జిన్నింగ్ మిల్లు తెరిచారు. పత్తి ట్రెయిలర్లు రోడ్డు దాకా బారు తీరాయి. తమ వంతు వచ్చేదాకా రైతులంతా ఆఫీసు గదిలోనే కూర్చుంటున్నారు. నేను వేరుశెనక్కాయలు ఉడకబెట్టి పెడుతున్నాను, కాఫీ పోస్తున్నాను. తల వంచుకునే పోస్తాను కాబట్టి నాకు వాళ్ళ ముఖాలకన్నా బూట్లే బాగా తెలుసు.

మీ నాన్న మాటలు నీకు రాయొద్దని బస్సెక్కేటప్పుడు చెప్పావు. మరిచిపోలేదు. కానీ మిల్లులో ఈ వారమంతా ఒకటే గొడవ. అది రాయకపోతే నా దగ్గర రాయడానికి ఇంకేమీ లేదు. రిడ్జ్‌మంట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి టైరీ గాంట్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడట, ప్రతిసారీ బంతి ముందు అందేది వాడి చేతికే. బంతి విసరడం తక్కువ, తనే పట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. నవంబరు 20న మన కోసా కాలేజీతో ఆట. రెండు నెలలకు పైగా ఉంది. అయినా వీళ్ళకి ఇప్పటినుంచే అన్నం సయించడం లేదు.

"బంతి చేతికి రాగానే అందరం ఉరికి మీద పడాలి. ఆలోచించుకునే టైమివ్వకూడదు," అన్నాడు బేళ్ళు కట్టే డెల్మర్.

"నువ్వు ఉరికేలోపు వాడు మీ ఇంటికెళ్ళి, మీ ఆవిడ పెట్టిన భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వస్తాడు," అన్నారు పాస్టరు హగిన్స్ గారు.

"అయితే వాడికోసమే ఒకణ్ణి కేటాయించాలి పాస్టరు గారూ. ఆట సంగతి వాడికి అనవసరం. గాంట్ ఎటెళితే అటు. దొడ్డికెళ్ళినా వెనకాలే."

అప్పుడు మామయ్య డ్రాయరు లాగి సోడా సీసాల మూతలు తీశారు. అన్నీ బల్ల మీద వరసగా పేర్చారు. చిట్టచివర ఎర్ర మూత పెట్టి దాని మీద వేలు ఆనించారు.

"ఇదిగో, చివర నిలబడేవాడు. వీడు కదలకూడదు. గాంట్ లోపలికి రా రమ్మని ఆశపెడతాడు. ఉరకాలనిపిస్తుంది. ఉరక్కూడదు. అంచు వదలకుండా నిలబడితే వాడే తిరిగి మనవాళ్ళ మధ్యకి వచ్చి పడతాడు."

అందరూ ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు. ఎందుకో నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు.

కోపం తెచ్చుకోకు.

వంకర మడమ సాక్సులతో,
నీ వెర్నీ


ఎనిమిదో నంబరు క్యాంపు, అలాస్కా
సెప్టెంబరు 25

వెర్నీ కన్నా,

సాక్సులు పంపు. మడమ వంకరైనా ఫరవాలేదు, ఇక్కడ చమురు గొట్టాలు కూడా వంకరగానే అతుకుతున్నాం.

నాన్న మాటలు రాయొద్దన్నానా లేదా? ఆయన ఇంట్లో ఉంటున్నావు, ఉండు. మీ పుట్టింట్లో రెండు గదుల్లో పదిమంది. నేను బస్సెక్కిన మర్నాడే ఆయనే ట్రక్కు వేసుకొచ్చి నిన్ను తీసుకెళ్ళాడు. దానికి నాకు కృతజ్ఞతే. కానీ మా ఇద్దరి మధ్య మూడేళ్ళుగా మాట లేదు. మన పెళ్ళికి కూడా వెనక బెంచీలో కూర్చుని, కేకు ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ చివర నిలబడేవాణ్ణి నేనే కదా. మూడేళ్ళ కిందట ఇదే రిడ్జ్‌మంట్‌తో ఆట. ఇంకో నిమిషం ఆగితే మనమే గెలిచేవాళ్ళం. నేను అంచు వదిలి లోపలికి ఉరికాను. వాళ్ళవాడు నేను ఖాళీ చేసిన చోటునుంచే చుట్టి పరిగెత్తాడు. సోమవారం మిల్లుకెళితే ఇరవైమంది ముందు ఆయన అన్న మాట ఇది: "నేను వీడికి నేర్పిందల్లా ఒక్కటే. అది కూడా చేతకాలేదు." పత్తి నూగు నెత్తిన వేసుకుని అలాగే బయటికొచ్చేశాను.

డెల్మర్‌కి మాత్రం ఒక మాట చెప్పు. ఒకణ్ణి కేటాయించడం బాగానే ఉంటుంది కానీ, గాంట్‌తో సమానంగా పరిగెత్తగలవాడు మన జట్టులో ఎవడున్నాడు? లేనప్పుడు రెండు అంచులూ మూసి, మధ్యలోకి దారిచ్చి, అక్కడ బరువైనవాళ్ళని నిలబెట్టాలి. ఇది డెల్మర్‌కి మాత్రమే చెప్పమంటున్నాను.

ముద్దులతో,
రాయిస్


పెల్ ఫెర్రీ
అక్టోబరు 5

ప్రియమైన రాయిస్‌కి,

నీ ఉత్తరంలో డెల్మర్‌కి రాసిన ముక్క ఆఫీసులో పైకి చదివాను. నా గొంతు అంతమంది ముందు వినపడటం అదే మొదటిసారి. చెవులు కాలిపోయాయి. ఆరో తరగతిలో బడి మానేశాక పైకి ఏదీ చదవలేదు. రెండు చోట్ల ఆగాను, ఎవరూ నవ్వలేదు.

మామయ్య పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని విన్నారు. అయ్యాక పేపరు దించకుండానే అన్నారు: "డెల్మర్, ఆ ఉత్తరం రాసినవాడికి చెప్పు. మధ్యలో బరువైనవాళ్ళని పెడితే గాంట్ వాళ్ళ నెత్తిమీంచి బంతి విసురుతాడు. అప్పుడేం చేస్తాడో అడుగు."

"నేనెక్కడ చెప్పేది పెద్దాయనా? వాడున్నది అలాస్కాలో," అన్నాడు డెల్మర్.

"కాఫీ పోసే అమ్మాయికి చెప్పు. ఆమెకి అడ్రసు తెలుసు."

అందరూ పగలబడి నవ్వారు. పేపరు వెనక మామయ్య భుజాలు కూడా కదిలాయి. అందుకే రాస్తున్నాను. గాంట్ విసిరితే ఏం చేస్తావు? జవాబు రాయి. డెల్మర్‌కే రాయి.

నిన్న ఆయన చేతిలోంచి కప్పు జారిపోయింది. చెయ్యి తిమ్మిరెక్కిందన్నారు. ముక్కలు నేను ఏరుతుంటే, "వాడి కాంట్రాక్టు ఎప్పటిదాకా?" అని అడిగారు. ఎవడి కాంట్రాక్టు అని నేను అడగలేదు. క్రిస్మస్ దాకా అన్నాను. "ఊఁ" అన్నారు.

చలికి చెవులు కప్పుకో.

నీ వెర్నీ


ఎనిమిదో నంబరు క్యాంపు
అక్టోబరు 17

వెర్నీ కన్నా,

నీ ఉత్తరం నా బంకు మంచం మీద కూర్చుని నాలుగుసార్లు చదివాను. పేపరు వెనక నవ్వాడా? నిజంగానా?

గాంట్ విసిరితే విసరనీ. వాడు విసిరే బంతి మూడింటికొకటి కూడా చేరదు. అది డెల్మర్‌కి చెప్పు.

ఇప్పుడు నీకొక మాట చెబుతాను. ఎవరికీ చెప్పనిది, నీకు కూడా ఇన్నాళ్ళూ చెప్పనిది. ఆ రోజు నేను తొందరపడి ఉరకలేదు. లోపలికి వెళ్ళమని కోచ్ బెంచీ నుంచి సైగ వచ్చింది. నేను లోపలికెళితే వెనక వరసలో ఉన్న వేడ్ నా చోటికి రావాలి. వాడు రాలేదు. సైగ చూడలేదో, మరిచిపోయాడో. ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను వాడి పేరు చెప్పలేదు. తోటివాడి మీద తప్పు తోసేవాణ్ణి మా జట్టులో మనిషిగా చూడరు. మా నాన్నే నేర్పాడు అది కూడా. కాబట్టి ఆయనకి చెప్పకు. మాట తప్పకు వెర్నీ.

నాకు కావలసింది ఆయన క్షమాపణ కాదు. రమ్మని ఒక్క మాట, ఆయనంతట ఆయన, నాకు. డెల్మర్‌కి కాదు. ఆ మాట వస్తే కాంట్రాక్టు పారేసి నవంబరు 20కి ఆయన పక్కన కూర్చుని ఆట వింటాను. రేడియో ఇప్పటికీ గరగరలాడుతోందా?

రాయిస్


పెల్ ఫెర్రీ
అక్టోబరు 28

ప్రియమైన రాయిస్‌కి,

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. మిల్లులో పని ఎక్కువగా ఉంది. ఈ నెల డెల్మరే అంతా చూసుకుంటున్నాడు. మామయ్య ఇంట్లోనే ఉంటున్నారు, విశ్రాంతి కోసం. నేను కూడా ఇంట్లోనే ఎక్కువ ఉంటున్నాను.

మామయ్య గాంట్ గురించి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. నువ్వు చెప్పింది నిజమే, విసిరితే విసరనీ అన్నారు. ఆ రోజు ఆటలో చలి బాగా ఉందని, అంత చలిలో ఎవరైనా తడబడతారని కూడా అన్నారు. మూడేళ్ళు ఎక్కువ కాలం అన్నారు. నువ్వు వస్తే బాగుంటుందని అన్నారు రాయిస్. ఆటకి రమ్మన్నారు. ముందే వచ్చినా మంచిదే అన్నారు. వీలైతే వెంటనే రా.

రేడియో గరగర అలాగే ఉంది. తడి గుడ్డ కప్పితే కాస్త తగ్గుతుంది.

నీ వెర్నీ


ఎనిమిదో నంబరు క్యాంపు
నవంబరు 6

వెర్నీ,

ఉత్తరం చేరింది. నాన్న అలా అన్నాడంటే సంతోషం.

అయితే ఒక పని చెయ్యి. అదే మాట ఆయన్నే ఒక కాగితం మీద రాయమను. రెండు మాటలు చాలు, "రాయిస్, రా" అని. ఆయన చేతిరాత నాకు తెలుసు. అది చూసిన రోజు బయల్దేరతాను. రాకపోతే క్రిస్మస్‌కి కాంట్రాక్టు అయ్యాకే వస్తాను.

ఇక్కడ పగలు ఆరు గంటలకు మించి లేదు.

రాయిస్


పెల్ ఫెర్రీ
నవంబరు 21, ఆదివారం

ప్రియమైన రాయిస్‌కి,

నా తంతి నీకు అందిందని, మంచు వల్ల విమానాలు ఆగిపోయాయని నీ తంతి వల్ల తెలిసింది. నిన్న ఉదయం పదిగంటలకి మామయ్యని అత్తయ్య సమాధి పక్కన పడుకోబెట్టాం. తంతిలో పట్టనిదంతా ఇప్పుడు రాస్తాను. చదివాక నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

అక్టోబరు 12న, పొద్దున్న, జావ తాగుతూ మామయ్య నాతో అన్నారు: "ఈ చెయ్యి నా మాట వినడం లేదు. డాక్టరు మొహం కూడా బాగాలేదు. నాకేదైనా అయితే వాడికి చెప్పకు. నేను మంచాన పడ్డానని వస్తే అది రావడం కాదమ్మా. రావాలనిపించి రావాలి. మాటివ్వు." ఇచ్చాను. ఆయన నన్ను "అమ్మా" అని పిలవడం అదే మొదలు. మర్నాడు తూకం దగ్గర పడిపోయారు. కుడివైపంతా చచ్చుబడింది. నోటినుంచి మాట పోయింది. అన్నీ తెలుస్తుండేవి, అన్నీ వినేవారు. అంతే.

మిల్లువాళ్ళని కూడా నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. పాస్టరు గారు రెండుసార్లు అడిగారు, "అబ్బాయికి తెలియాలి కదమ్మా" అని. మాటిచ్చానండీ అన్నాను.

అక్టోబరు 28న నేను రాసిన మాటల్లో ఒక్కటి కూడా మామయ్యది కాదు. చలి మాట నాది. మూడేళ్ళ మాట నాది. రమ్మన్నది నేను. జబ్బు సంగతి చెప్పకుండా నిన్ను రప్పించాలంటే ఇంకో దారి తోచలేదు.

నీ ఆరో తారీఖు ఉత్తరం పోయిన సోమవారం వచ్చింది. చేత్తో రాయమన్నావు. మంచం పక్కన కూర్చుని దాన్ని మామయ్యకి చదివి వినిపించాను. పెన్సిలు ఎడమ చేతిలో పెట్టాను. కాసేపు దానివైపే చూసి, దూరంగా తోసేశారు. కోపమొచ్చిందనుకున్నాను. కాదు, అదే చేతి వేలితో మిల్లువైపు చూపించారు. నేను ఏవేవో తెచ్చాను, కళ్ళజోడు, పేపరు, పుగాకు. కాదు, కాదు. చివరికి ఆఫీసు డ్రాయర్లోంచి సీసా మూతలు తెచ్చి దుప్పటి మీద పోశాను. అప్పుడు కళ్ళు మూసి తెరిచారు.

ఎడమ చేత్తో ఒక్కొక్కటే పేర్చడానికి చాలాసేపు పట్టింది. సాయం చేయబోతే ఒప్పుకోలేదు. అంతా అయ్యాక ఎర్ర మూతని చివర పెట్టారు, ఎప్పటిలాగే. తర్వాత దాన్ని లోపలికి జరిపారు. రాయిస్, ఆయన ఆ మూతని అంచునుంచి కదపడం నేను ఎప్పుడూ చూడలేదు. చివర ఖాళీ అయింది. ఆ ఖాళీ మీద వేలు పెట్టి ఊరుకున్నారు. ఆ తర్వాత వెనక వరసలోంచి ఒక ఆకుపచ్చ మూతని తీసుకుని మెల్లగా, దుప్పటి మడతలు దాటించుకుంటూ, ఆ ఖాళీలోకి తెచ్చారు. తెచ్చి నావైపు చూశారు.

అడుగుతున్నారు. వీడు ఇక్కడికి రావలసింది, రాలేదు, అంతేనా అని.

నేను ఆయనకి ఏమీ చెప్పలేదు. నీ పాత ఉత్తరంలో వేడ్ సంగతి నేను చదివి వినిపించలేదు. మాట పోయి, మంచాన పడి, ఆ ఆట ఒక్కటే తలలో తిప్పుకుంటూ, తనంతట తనే అక్కడికి చేరుకున్నారు. నువ్వు చెప్పొద్దన్నావు. నేను నోరు విప్పలేదు. తల మాత్రం ఊపాను. అవునని ఊపాను. అది మాట తప్పడమైతే తప్పాను.

ఆయన కళ్ళలోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. తుడిచాను. ఎర్ర మూతని పిడికిట్లోకి తీసుకున్నారు. ఎంత అడిగినా ఇవ్వలేదు.

మర్నాడు, మంగళవారం, మిల్లు ఆఫీసులో ఫోను దగ్గర నిలబడ్డాను. జీవితంలో ఫోను చెయ్యడం అదే మొదలు. గదినిండా మనుషులు. మీ క్యాంపు దొరకడానికి గంటన్నర పట్టింది. ఎవరో కొత్త మనిషి గొంతు, నువ్వు గొట్టాల దగ్గరున్నావని, కబురేమిటో చెప్పమని గసిరాడు. మామయ్యకిచ్చిన మాట అడ్డం పడింది. ముక్కూ ముఖం తెలియని మనిషి. "ఇంటికి రమ్మనండి," అన్నాను. "ఎందుకు?" అన్నాడు. "రమ్మనండి," అన్నాను. పెట్టేశాడు. మీ నాన్న పోతున్నారని ఒక్క ముక్క అనలేకపోయాను రాయిస్. డెల్మర్ ఫోను నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ ప్రయత్నించాడు. లైను దొరకలేదు.

గురువారం తెల్లవారాక, నేను దుప్పటి సర్దుతుండగా పోయారు.

నిన్న సమాధి దగ్గర అంతా అయ్యాక ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. శ్మశానం గేటు దగ్గర ట్రక్కులన్నీ వరసగా పెట్టి, తలుపులు తెరిచి, రేడియోలు పెట్టారు. "పెద్దాయనకి వినపడాలి," అన్నాడు డెల్మర్. మన కుర్రాళ్ళు అంచు వదల్లేదు. రెండు వైపులా, ఆటంతా. గాంట్‌ని పరిగెత్తనివ్వలేదు. చివర్లో వాడు నెత్తిమీంచి బంతి విసిరి గెలిచాడు. మామయ్య చెప్పినట్టే. ఎవరూ వాదించలేదు. పాస్టరు గారు టోపీ పెట్టుకుని రేడియో కట్టేశారు.

ఈ కవరులో ఎర్ర మూత ఉంది. పిడికిలి విప్పి తీసింది నేనే.

నన్ను తిట్టాలనుంటే తిడుతూ రాయి, కానీ రాయి.

వెర్నీ


ఎనిమిదో నంబరు క్యాంపు
నవంబరు 29

వెర్నీ కన్నా,

తిట్టను. నేను చెప్పేది కూడా విని తర్వాత నువ్వే తిట్టు.

నీ అక్టోబరు ఉత్తరం చదవగానే ఆ మాటలు నాన్నవి కావని నాకు తెలిసిపోయింది. గడ్డకట్టే చలిలో అరచేతులు పగిలి నెత్తురొస్తున్నా ఆయన నోట చలి అన్న మాట నేను వినలేదు. ఇంత మొండివాడు, చివరికి నా భార్య ఆయన బదులు మాటలు కల్పించుకోవలసి వచ్చిందే అనుకుని ఒళ్ళు మండింది. అందుకే చేతిరాత అడిగాను. నీ అబద్ధం బయటపెట్టాలని. ఆయన్ని ఓడించాలని. ఆ చెయ్యి లేవదని నాకెలా తెలుస్తుంది? జబ్బన్న ఆలోచనే రాలేదు. మొండితనమొక్కటే తోచింది, నా దగ్గర ఉన్నది అదే కాబట్టి.

నీ ఫోను కబురు అందింది. ఆ మంగళవారం సాయంత్రమే. నా బంకు మీద చీటీ పెట్టారు: "భార్య చేసింది. ఇంటికి రమ్మంది." బుధవారం పొద్దున్న ఒక విమానం వెళ్ళింది వెర్నీ. మంచు ఆ తర్వాత మొదలైంది. ఆట కోసం మళ్ళీ ఏదో ఎత్తు వేస్తున్నావనుకున్నాను. చీటీ మడిచి, బూటు లోపల చిరుగు దగ్గర పెట్టుకున్నాను, చలి రాకుండా. ఇంకా అక్కడే ఉంది.

తంతి వచ్చాక, మట్టి కప్పేశాక, ఇక ఎవరికోసం రావాలనుకుని పనిలోకి వెళ్ళిపోయాను. ఎనిమిది రోజులు గొట్టాలు అతుకుతూనే ఉన్నాను. ఇవాళ నీ కవరు వచ్చింది.

క్యాంటీనులో మూతలు ఏరుకొచ్చి బంకు మీద పేర్చాను. ఎర్రదాన్ని చివర పెట్టి, లోపలికి జరిపాను. వెనకనుంచి ఒకదాన్ని తెచ్చి ఖాళీలో పెట్టాను. ఎడమ చేత్తోనే చేశాను, ఎంతసేపు పడుతుందో చూద్దామని. దుప్పటి మడతల మీద మూత నిలవదు వెర్నీ. పడిపోతుంది. మళ్ళీ పెట్టాలి.

వేడ్ పేరు అక్కడ ఎవరితోనూ అనకు. నాన్నకి తెలిసింది, చాలు.

కాంట్రాక్టు కాగితం ఇచ్చేశాను. రేపటి విమానానికి చోటు దొరికింది. ఆయన కోరుకున్నట్టే, ఎవరూ పిలవకుండా, రావాలనిపించే వస్తున్నాను. బస్సు దగ్గరకి రావద్దు. ముందు శ్మశానం గేటు దగ్గర దిగి, ఆయనకి కనపడి, తర్వాత ఇంటికి వస్తాను.

నీ,
రాయిస్